గ్రిప్పర్ పట్టు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఆఫ్‌సెట్ ప్రెస్సుల కోసం

పాత సింగిల్ కలర్, టూ కలర్ షీట్‌ఫెడ్ (విడి షీట్ల మీద అచ్చువేసే) మిషన్లు నడిపేవాళ్లను మనసులో పెట్టుకుని రాసిన జవాబులివి. కొలతలన్నీ మామూలుగా పనికొచ్చేవి. మీ మిషన్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి.

గ్రిప్పర్ అంటే సరిగ్గా ఏ భాగం? మిషన్‌లో ఎన్ని చోట్ల ఉంటుంది?

షీట్ ముందు అంచును కరిచిపట్టుకుని లోపలికి తీసుకెళ్లే ఇనుప వేళ్ల వరుసే గ్రిప్పర్. ఒక షాఫ్ట్, దాని మీద వరుసగా ఫింగర్లు, ఒక్కో ఫింగర్ కింద ఒక ప్యాడ్, షాఫ్ట్‌ను మూసి ఉంచే స్ప్రింగ్, షాఫ్ట్ చివర లివర్ మీద చిన్న రోలర్, ఆ రోలర్‌ను ఎత్తి దించే క్యామ్. చాలా మిషన్లలో తెరిచేది క్యామ్, మూసేది స్ప్రింగ్. కొన్నిట్లో ఇది తిరగబడి ఉంటుంది. మీ మిషన్ ఏ రకమో చేత్తో తిప్పి చూసుకోకుండా స్క్రూ ముట్టుకోవద్దు.

ఫీడ్ బోర్డు మీద ఫ్రంట్ లే (షీట్ ముందు అంచును నిలిపే ఆపు) దగ్గర ఆగిన షీట్‌ను మొదట స్వింగ్ గ్రిప్పర్ పట్టుకుంటుంది. నిలబడి ఉన్న కాగితాన్ని సిలిండర్ వేగానికి తీసుకురావడం దాని పని. ఆ తర్వాత ఇంప్రెషన్ సిలిండర్ గ్రిప్పర్లు అందుకుంటాయి. టూ కలర్ మిషన్లలో మధ్యలో ట్రాన్స్‌ఫర్ సిలిండర్ గ్రిప్పర్లు కూడా ఉండవచ్చు. చివరికి డెలివరీ చైన్ మీదున్న గ్రిప్పర్ బార్ షీట్‌ను తీసుకెళ్లి పైల్ మీద వదులుతుంది. గంటకు 8,000 షీట్ల వేగంలో నడిపితే ఒక్కో షీట్‌కు దొరికే సమయం 0.45 సెకను. చేతులు మారడమంతా అందులోనే జరిగిపోవాలి.

గ్రిప్పర్ మార్జిన్ ఎంత వదలాలి?

గ్రిప్పర్ పట్టుకునే అంచున అచ్చు లేకుండా 9 నుంచి 12 మిల్లీమీటర్లు. ఫింగర్లు నిజంగా కరిచేది అందులో సగం పైచిలుకే అయినా, మిగతా జాగా లేకపోతే అచ్చు ఫింగర్ల మీద పడి బ్లాంకెట్ (అచ్చును కాగితం మీదికి దించే రబ్బరు పట్టా) నలుగుతుంది. డీటీపీ చేసేవారికి 10 అని ఒకే అంకె చెప్పి ఉంచండి. పని మారినప్పుడల్లా కొత్త అంకె చెబితే ఏదో ఒకరోజు ప్లేట్ తప్పుతుంది.

లెక్క ఇలా కడతారు. 25×36 అంగుళాల షీట్‌ను సగం కోస్తే 18×25, అంటే 457×635 మి.మీ. అందులో ఎ4 పేజీలు నాలుగు వేయాలి. గ్రిప్పర్ వైపు 25 అంగుళాల అంచు. పొట్టి దిక్కులో రెండు పేజీల వెడల్పు 420, గ్రిప్పర్ 10, పైన కింద బ్లీడ్ (కోత గీత దాటి వదిలే అదనపు అచ్చు) 3 చొప్పున 6, రెండు పేజీల నడుమ కోతకు 6. మొత్తం 442. ఇంకా 15 మి.మీ. టెయిల్ (వెనుక అంచు) వైపు మిగులుతుంది, కలర్ బార్‌కు (రంగు సరిచూసే పట్టీకి) చాలు. పొడుగు దిక్కులో 594, బ్లీడ్లు, నడిమి కోత కలిపి 606. అక్కడా ఇబ్బంది లేదు. ఇదే పనిని కొంచెం చిన్న షీట్ మీద సర్దుదామని మొదట గ్రిప్పర్‌లోంచే తగ్గించేవాళ్లున్నారు. కలర్ బార్ చిన్నది చేయండి, బ్లీడ్ 2కు తగ్గించండి, గ్రిప్పర్‌ను మాత్రం ముట్టుకోవద్దు.

ఎన్నికల రోజుల్లో ఒక జాగ్రత్త. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని 127ఎ సెక్షన్ ప్రకారం కరపత్రం, పోస్టర్ మీద ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు ఉండి తీరాలి. ఆ సన్న అక్షరాల వరసను డిజైనర్ కాగితం అట్టడుగు అంచున పెడతాడు. షీట్ తిప్పి వేస్తే ఆ అంచే గ్రిప్పర్ కిందికి వస్తుంది, వరస అచ్చు కాదు. ప్లేట్ తీయకముందే గ్రిప్పర్ ఏ వైపో తెలిసిన మనిషి ఒకసారి చూడాలి.

వర్క్ అండ్ టర్న్‌కూ, వర్క్ అండ్ టంబుల్‌కూ గ్రిప్పర్ విషయంలో తేడా ఏమిటి?

రెండూ ఒకే ప్లేట్‌తో షీట్‌కు రెండు వైపులా అచ్చువేసే పద్ధతులే. టర్న్‌లో షీట్‌ను పక్కకు తిప్పుతాం. రెండో వైపు కూడా అదే అంచును గ్రిప్పర్ పట్టుకుంటుంది, సైడ్ లే (షీట్ పక్క అంచును సరిచేసే ఆపు) మాత్రం ఎదుటి పక్కకు మారుతుంది. టంబుల్‌లో తల కిందికి వస్తుంది కాబట్టి గ్రిప్పర్ అంచే మారుతుంది. అంటే రెండు గ్రిప్పర్ మార్జిన్లు వదలాలి. కటింగ్ మిషన్ మీద షీట్ కొలతలో ఏమాత్రం తేడా వచ్చినా ఆ తేడా మొత్తం ముందు వెనుక రిజిస్టర్‌లో, అంటే అచ్చులు ఒకదానికొకటి సరిగ్గా కుదరడంలో, కనిపిస్తుంది. వీలైనంతవరకు టర్న్‌కే ప్లాన్ చేయండి. టంబుల్ తప్పనిసరైతే షీట్లను నాలుగు వైపులా ట్రిమ్ చేశాకే మిషన్ ఎక్కించండి.

రిజిస్టర్ ఆడుతోంది. తప్పు గ్రిప్పర్‌దేనని ఎలా తెలుస్తుంది?

ముందు తేడా స్థిరంగా ఉందా, షీట్ షీట్‌కూ మారుతోందా అన్నది చూడండి. 50 షీట్లలోనూ ఒకే అర మిల్లీమీటరు తేడా ఉంటే అది ప్లేట్ బిగింపు సమస్య, గ్రిప్పర్ జోలికి పోనక్కర్లేదు. షీట్‌కో రకంగా ఉంటే పట్టులోనో, ఫీడింగ్‌లోనో లోపం.

సింగిల్ కలర్ మిషన్ మీద చేయదగిన పరీక్ష ఇది. ప్లేట్ నాలుగు మూలలా, నడిమిలో సన్నని క్రాస్ గీతలుండాలి. 25 షీట్లకు వరుస నంబర్లు వేసి ఒకసారి నడపండి. ఏ స్క్రూనూ కదపకుండా, ఇంకు కాస్త ఆరాక, అవే షీట్లను అదే ప్లేట్ మీద రెండోసారి పంపండి. గీత మీద గీత పడితే ఫీడింగ్, పట్టు రెండూ బాగున్నట్టే. గీతలు పక్కకు విడిపోతే సైడ్ లే చూడండి. ముందుకూ వెనక్కూ విడిపోయి, అదీ ఒక మూల ఎక్కువగా, మరో మూల తక్కువగా ఉంటే ఫ్రంట్ లేలలో ఒకటి ముందుకుందన్నమాట, లేదా ఆ వైపు షీట్ లే దాకా చేరడం లేదు. ముందు వెనుకలుగా షీట్ మొత్తం జరిగితే అప్పుడు గ్రిప్పర్ మీద అనుమానం పెట్టుకోవచ్చు.

ఇంకో గుర్తు ఉంది. పట్టులోంచి జారిన షీట్ సిలిండర్ కంటే వెనకబడుతుంది. సిలిండర్ మీద బొమ్మ ఎక్కడుండాలో అక్కడే ఉంటుంది కాబట్టి, జారిన షీట్ మీద బొమ్మ గ్రిప్పర్ అంచుకు దగ్గరగా పడుతుంది. టూ కలర్ మిషన్‌లో రెండో రంగు పదేపదే గ్రిప్పర్ వైపుకు జరుగుతుంటే, మొదటి యూనిట్ తర్వాతి పట్టు బలహీనంగా ఉందని అర్థం. పెద్ద సాలిడ్లున్న (నిండుగా ఇంకు పడే చోట్లున్న) పనిలో ఇది ముందు బయటపడుతుంది, ఎందుకంటే జిగురైన ఇంకు షీట్‌ను బ్లాంకెట్‌కు అతికించి వెనక్కి లాగుతుంది. అలాంటప్పుడు ఇంకు జిగురు తగ్గించి చూడండి. తేడా తగ్గిపోతే గ్రిప్పర్ల పట్టు అంతంతమాత్రంగానే ఉందని గుర్తు. ఆ రోజు పని గట్టెక్కుతుంది గానీ, సెట్టింగ్ బాకీ ఉన్నట్టే.

గ్రిప్పర్ ఫింగర్లను సెట్ చేసే క్రమం చెప్పండి.

మెయిన్ స్విచ్ ఆపి, ఎర్ర స్టాప్ బటన్ నొక్కి ఉంచి మొదలుపెట్టండి. మిషన్ జరపాల్సి వస్తే చేతి చక్రంతో జరపండి. ఇంచింగ్ (బటన్‌తో కొద్దికొద్దిగా కదపడం) తప్పనిసరైతే లోపల చెయ్యి పెట్టిన మనిషి చెప్పకుండా రెండోవారు బటన్ ముట్టుకోకూడదు. ఇది చెప్పడానికి చిన్న విషయంగా ఉంటుంది, వేళ్లు పోయేది మాత్రం ఇక్కడే.

కావలసినవి: సరిపోయే అలెన్ కీ లేదా స్పానర్, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చని రేకులు), ఒకే కాగితం నుంచి కోసిన 20 మి.మీ. వెడల్పు పట్టీలు. పట్టీ మందం దాదాపు 0.1 మి.మీ. ఉంటే చాలు. ఒక్కో ఫింగర్‌కు ఒక్కో రకం కాగితం పెట్టి చూస్తే పరీక్షకు విలువ లేదు.

గ్రిప్పర్లు పూర్తిగా మూసుకునే స్థానానికి సిలిండర్ తిప్పండి. అక్కడ క్యామ్ రోలర్‌ను వేలితో తిప్పితే స్వేచ్ఛగా తిరగాలి. రోలర్ క్యామ్‌కు ఇంకా తాకుతుంటే స్ప్రింగ్ బలమంతా క్యామ్ మోస్తోంది, ప్యాడ్‌కు చేరడం లేదు. మిగతా సెట్టింగంతా అప్పుడు వృథా, ముందు అది సరిచేయాలి.

తర్వాత షాఫ్ట్ స్టాప్ దగ్గర 0.2 మి.మీ. ఫీలర్ పెట్టండి. దీంతో షాఫ్ట్ వెంట్రుకవాసి తెరుచుకుని నిలుస్తుంది. ఇప్పుడు ఫింగర్ల బిగింపు స్క్రూలన్నీ వదులు చేయండి. నడిమి ఫింగర్‌తో మొదలుపెట్టి, పట్టీ పెట్టి, ఫింగర్‌ను బొటనవేలితో ప్యాడ్ మీదికి మెత్తగా నొక్కి స్క్రూ బిగించండి. ఆ తర్వాత దాని ఎడమ పక్కది, కుడి పక్కది, మళ్లీ ఎడమ, మళ్లీ కుడి, అలా చివరలకు వెళ్లండి. ఒక కొస నుంచి రెండో కొసకు వరుసగా పోతే షాఫ్ట్ కొద్దిగా మెలి తిరిగి, చివరికి వచ్చేసరికి మొదట సెట్ చేసినవి వదులైపోతాయి.

అన్నీ బిగించాక ఫీలర్ ఉండగానే ప్రతి పట్టీనీ లాగి చూడండి. అన్నీ ఒకే మాదిరిగా, కొంచెం బరువుగా జారాలి. ఒకటి రాకుండా మొండికేసి, పక్కది ఊరికే వచ్చేస్తే ఆ రెండూ మళ్లీ చేయండి. అప్పుడు ఫీలర్ తీసేయండి. 0.2 మి.మీ. మేర షాఫ్ట్ మూసుకుని, స్ప్రింగ్ బలం అన్ని ఫింగర్ల మీదా సమానంగా పడుతుంది. ఈసారి పట్టీలు లాగితే ఒక్కటీ కదలకూడదు, గట్టిగా లాగితే చిరగాలి.

కంటితో చూడాలనుకుంటే తెల్ల పట్టీ మీద కార్బన్ పేపర్ వేసి ఫింగర్లు మూయండి. ఏ ఫింగర్ నిండా కరుస్తోందో, ఏది ఒక మూలతో మాత్రమే పట్టుకుందో అచ్చు చూస్తే తెలిసిపోతుంది. మూల మాత్రమే పడితే ఆ ఫింగర్ వంగింది లేదా ప్యాడ్ అరిగింది. స్క్రూ ఎంత తిప్పినా అది బాగుపడదు.

స్ప్రింగ్ ఇంకాస్త బిగిస్తే జారడం ఆగుతుంది కదా?

ఆగినట్టు కనిపిస్తుంది. కొన్నాళ్లకు మళ్లీ మొదలవుతుంది, ఈసారి కొత్త బాధలతో. అధిక బలంతో క్యామ్ రోలర్ అరుగుతుంది, బుష్‌లు గుడ్డు ఆకారంలోకి సాగుతాయి, గ్రిప్పర్లు మూసుకునే చప్పుడు పెరుగుతుంది, పల్చని కాగితం అంచు చిట్లుతుంది. పన్నెండు ఫింగర్లలో ఎనిమిదే పట్టుకుంటుంటే, బలం పెంచినప్పుడు ఆ ఎనిమిదే ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. మిగతా నాలుగు అలాగే ఊరికే ఉంటాయి. జారే మిషన్‌కు మొదటి మందు శుభ్రం, రెండోది సమాన సెట్టింగ్, మూడోది అరిగిన ప్యాడ్ల మార్పు. స్ప్రింగ్ ఆ తర్వాతి మాట.

స్ప్రింగ్ నిజంగానే అలసిపోయి ఉంటే విప్పి పక్కపక్కన నిలబెట్టి చూడండి. ఎత్తులో తేడా కంటికి కనబడితే ఆ వరుసలోవన్నీ కలిపి మార్చాలి. ఒక్కటి కొత్తది పెడితే ఆ ఒక్క చోటే బలం ఎక్కువవుతుంది.

ఎన్నాళ్లకోసారి శుభ్రం చేయాలి? దేంతో?

స్ప్రే పౌడర్, కాగితపు దుమ్ము, గమ్, ఆరిన ఇంకు కలిసి ప్యాడ్ మీద గాజులాంటి పొర కడుతుంది. చూడ్డానికి శుభ్రంగా మెరుస్తుంటుంది, పట్టు మాత్రం ఉండదు. వారానికి ఒకసారి రోలర్ వాష్‌తో తడిపిన గుడ్డతో తుడిచి, గరుకు ప్యాడ్ అయితే ఇత్తడి బ్రష్‌తో గీతల్లోని మురికి తీయండి. ఉక్కు బ్రష్, ఎమరీ పేపర్ వాడొద్దు. గరుకుతనం ఎగిరిపోతుంది. పాలియురిథేన్ పూత ఉన్న ప్యాడ్లను ద్రావకంలో నాననివ్వకూడదు, తుడిచి వెంటనే ఆరబెట్టాలి.

షాఫ్ట్ బుష్‌లకు నూనె తప్పనిసరి, కానీ రెండు చుక్కలే. ఎక్కువైతే ఫింగర్ల మీదికి పాకి, ఉదయం మొదటి వంద షీట్ల గ్రిప్పర్ అంచు మీద మచ్చలవుతాయి. నూనె రంధ్రం పౌడర్‌తో మూసుకుపోయి, పోసిన నూనె పైనుంచే కారిపోవడం పాత మిషన్లలో మామూలు. సన్నని తీగతో రంధ్రం గుచ్చి, లోపలికి దిగుతోందో లేదో చూసుకోండి.

మా దగ్గర వాన రోజుల్లోనే ఈ గొడవ ఎక్కువ. ఎందుకు?

నెల్లూరు తీరానికి అసలు వాన ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. గాలిలో తేమ పెరిగితే కాగితం గ్రెయిన్‌కు (నారలు ఉన్న దిశకు) అడ్డంగా సాగుతుంది. పైల్ అంచులు ముందు తేమ పీల్చి అలలు తిరుగుతాయి, నడిమి భాగం అలాగే ఉంటుంది. అలల అంచు ఫ్రంట్ లేకు సమంగా ఆనదు. ఫింగర్లు ఆ అలను నొక్కి పట్టుకుంటే, మిగిలిన కాగితం టెయిల్ వైపు ముడతగా తేలుతుంది. మిషన్‌లో ఏ లోపం లేకపోయినా ముడత వస్తుంది. మార్కాపురం, కనిగిరి వైపు వేసవిలో ఇది తిరగబడుతుంది. అంచులు ఎండి బిగుసుకుంటాయి, నడిమి ఉబ్బుతుంది, షీట్లు స్టాటిక్‌తో అంటుకుని రెండేసి వెళ్తాయి.

కాగితాన్ని రేపర్ విప్పకుండా మిషన్ గదిలో కనీసం ఒక రోజు ఉంచండి. రెండో రంగు మర్నాడు వేయాలంటే పైల్‌ను పాలిథీన్ కవర్‌తో నిండా కప్పండి. గదిలో తేమ 50 నుంచి 55 శాతం ఉంటే మేలు. చిన్న హైగ్రోమీటర్ గోడకు తగిలిస్తే తప్పు కాగితానిదో, గ్రిప్పర్‌దో తేల్చుకోవడం సగం సులువవుతుంది.

సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తుప్పు ఇంకో సమస్య. తుపాను రోజుల్లో, పండగ సెలవుల్లో మిషన్ ఆపేముందు ఫింగర్లు, షాఫ్ట్‌ల మీద పల్చని నూనె గుడ్డ తిప్పండి. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ప్యాడ్లు పొడిగా తుడవడం మరిచిపోకండి.

ఒక గ్రిప్పర్ నుంచి మరో గ్రిప్పర్‌కు మారే చోట టైమింగ్ ఎలా చూడాలి?

ఇచ్చేది వదలకముందే అందుకునేది పట్టుకోవాలి. సిలిండర్ అంచు మీద కొలిస్తే కొద్ది మిల్లీమీటర్ల దూరం రెండూ కలిసి పట్టుకుని ఉంటాయి. ఒక షీట్ పెట్టి చేత్తో నెమ్మదిగా తిప్పుతూ, అందుకునే ఫింగర్ మూసుకున్న చోట సిలిండర్ అంచుకు పెన్సిల్ గీత పెట్టండి, ఇచ్చే ఫింగర్ తెరుచుకున్న చోట ఇంకోటి. రెండు గీతల దూరం మాన్యువల్ అంకెతో సరిపోవాలి. ముందే వదిలితే ఆ క్షణం షీట్ గాలిలో ఉంటుంది, రిజిస్టర్ ఆడుతుంది. ఆలస్యంగా వదిలితే రెండు వైపులా లాగుడు పడి గ్రిప్పర్ అంచు చిరుగుతుంది. టైమింగ్ దానంతటది మారిపోదు. క్యామ్ స్క్రూ వదులైనా, రోలర్ అరిగినా మారుతుంది. కాబట్టి క్యామ్ జరిపే ముందు రోలర్ చూడండి.

కాగితాన్ని బట్టి ప్యాడ్ మార్చాలా?

రోజూ మార్చడం కుదరదు. ఎక్కువగా చేసే పనికి తగ్గట్టు అమర్చుకుంటే చాలు. డూప్లెక్స్ బోర్డు, పెళ్లి కార్డులు ఎక్కువగా వేసేవారికి గరుకు ఉక్కు ప్యాడ్లు నప్పుతాయి. పల్చని మ్యాప్‌లితో (పూత లేని మామూలు అచ్చు కాగితం) మీద అవే గాట్లు పెడతాయి. చీమకుర్తి గ్రానైట్ ఆఫీసులకూ, రొయ్యల వ్యాపారులకూ కార్బన్‌లెస్ బిల్లు పుస్తకాలు వేసేవారు నున్నని పాలియురిథేన్ ప్యాడ్లు పెట్టుకోవడం మంచిది. ఆ కాగితం వెనక పూతలో రంగు గుళికలుంటాయి, గట్టి ఫింగర్ కింద అవి పగిలి కింది షీట్ మీద నీలి చుక్కలవుతాయి. గ్రిప్పర్ అంచును బైండింగ్ వైపు వచ్చేలా ప్లాన్ చేస్తే ఆ కాస్త మచ్చ కూడా పుస్తకం కుట్టులో దాగిపోతుంది.

పల్చని కాగితం నుంచి బోర్డుకు మారినప్పుడు ఫ్రంట్ లే పై నాలుక ఎత్తు మార్చాలి. ఫీడ్ బోర్డుకూ నాలుకకూ మధ్య సుమారు మూడు షీట్ల మందం ఉండాలి. ఇది మరిచిపోయి గ్రిప్పర్‌ను తిట్టుకునేవాళ్లు చాలామంది.

డెలివరీలో షీట్లు వంకరగా పడుతున్నాయి, కొన్ని ముందే రాలిపోతున్నాయి.

ముందే రాలితే డెలివరీ బార్‌లో పట్టు చూడండి, ముఖ్యంగా అన్ని బార్లలోనా, ఒక్కదానిలోనా అన్నది. బార్లకు సుద్దతో 1, 2, 3 అని వేసి నడిపితే దొంగ బార్ దొరుకుతుంది. వంకరగా పడటం ఎక్కువగా వదిలే క్యామ్ వల్ల. వేగం పెంచితే షీట్ ఊపు పెరుగుతుంది, కాబట్టి ముందుగా వదలాలి. వేగం తగ్గిస్తే ఆలస్యంగా వదలాలి. చైన్ ఒక వైపు ఎక్కువ సాగి ఉంటే బార్ ఐమూలగా నడుస్తుంది, అప్పుడు క్యామ్ ఎంత తిప్పినా లాభం లేదు. రెండు చైన్లనూ సమంగా బిగించాలి.

ట్రెడిల్, విండ్‌మిల్ ప్లాటెన్‌ల గ్రిప్పర్లు కూడా ఇలాగే సెట్ చేయాలా?

అవి వేరు. నంబరింగ్, క్రీజింగ్, పర్ఫరేషన్ కోసం ఉంచుకున్న హైడెల్‌బర్గ్ విండ్‌మిల్‌లో ఎదురెదురుగా రెండు చేతులు తిరుగుతాయి. ఒకటి కొత్త షీట్ తెస్తుంటే, మరొకటి అయిపోయినదాన్ని తీసుకెళ్తుంది. ఒక చేతి షీట్లు బాగుండి, ఒకటి విడిచి ఒకటి తప్పుతుంటే లోపం రెండో చేతిలోనే. ట్రెడిల్‌లో గ్రిప్పర్లు రెండే పొడవాటి పట్టీలు. షీట్‌ను ప్లాటెన్‌కు ఆనించి, అక్షరాల జిగురు నుంచి ఊడదీయడమే వాటి పని. టైపు మీదికి గానీ, క్రీజింగ్ రూలు మీదికి గానీ రాకుండా జరిపి, చక్రం చేత్తో ఒక చుట్టు తిప్పి చూశాకే కాలు వేయండి. గ్రిప్పర్ వాటి మీదికి వస్తే టైపు నలిగిపోతుంది. నడిమిలో కాగితం అంటుకుంటుంటే రెండు గ్రిప్పర్ల మధ్య, అచ్చు లేని చోట దారం గానీ రబ్బరు బ్యాండ్ గానీ కట్టండి.

స్పేర్లు ఎక్కడ తేవాలి, ఏం చూసుకోవాలి?

నెల్లూరు వారికి చెన్నై దగ్గర, ఒంగోలు వారికి విజయవాడ. ఎక్కడికెళ్లినా పాత ఫింగర్, ప్యాడ్, స్ప్రింగ్ చేతిలో ఉండాలి. మిషన్ మోడల్ పేరు, సీరియల్ నంబర్ రాసుకెళ్లండి, ఎందుకంటే ఒకే పేరున్న మిషన్లలో ఏడాదిని బట్టి షాఫ్ట్ మందం మారుతుంది. డూప్లికేట్ ఫింగర్లు కొన్ని మెత్తటి ఇనుముతో వస్తాయి. కొస మీద ఆకురాయితో చిన్న గీత పెట్టి చూడండి. పాతదానికంటే సులువుగా తెగితే తీసుకోవద్దు. ప్యాడ్లన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో దుకాణంలోనే గాజు పలక మీద వరుసగా పెట్టి, పైన స్టీల్ స్కేల్ ఆనించి వెలుతురు చూడండి. సందులోంచి వెలుగు వచ్చిన ప్యాడ్‌ను అక్కడే మార్పించుకోండి.